చెరువు పూడిక తీసే ముందు బురదను పరీక్ష చేయించడం ఎలా

ఎండలు ముదిరి చెరువు అడుగంటగానే మన ఊళ్లలో మూడు పనులు ఒకదాని వెంట ఒకటి జరిగిపోతాయి. పూడిక తీయడానికి జేసీబీ దిగుతుంది. మత్స్యకారుల సంఘం వలలు వేసి చెరువు పడుతుంది. జూన్ మొదటి వారం దాటగానే మృగశిర కార్తె వస్తుంది, ఆ రోజు చేపల కూర వండని ఇల్లు అరుదు. ఈ మూడింటికీ ముందు, ఏప్రిల్ నెలలోనే చేసుకోవలసిన పని మరొకటి ఉంది. అడుగున ఉన్న బురదను పరీక్షకు పంపడం. హైదరాబాద్ మురుగును మోసుకొచ్చే మూసీ నీళ్లు అందే చెరువుకు ఇది తప్పనిసరి అని నా గట్టి అభిప్రాయం.

నీటి పరీక్ష గురించి నల్లగొండ వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్ ఎముకలు వంచిన ఊళ్లు మనవి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తొలగించే విధానానికి 'నల్లగొండ పద్ధతి' అన్న పేరే స్థిరపడింది. అందుకే ఏ అనుమానం వచ్చినా సీసాలో నీళ్లు పట్టుకుని ల్యాబుకు వెళ్లడం మనకు అలవాటు. ఫ్లోరైడ్ నీటిలో కరుగుతుంది కాబట్టి ఆ సీసా నిజం చెప్పింది. నేను ఇక్కడ చెప్పబోయే విషాలు నీటిలో దాదాపు కరగవు. సీసాలో నీళ్లు తేటగా ఉంటాయి, రిపోర్టు శుభ్రంగా వస్తుంది, విషం మాత్రం అడుగున ఉంటుంది.

వీటిని శాస్త్రవేత్తలు దీర్ఘకాలిక సేంద్రియ కాలుష్యకాలు అంటారు. ఇక్కడ సేంద్రియ అనే మాటకు పశువుల ఎరువుతో సంబంధం లేదు, కర్బనంతో ఏర్పడిన రసాయనాలని అర్థం. పేరు కొత్తగా ఉన్నా, వీటిలో కొన్ని మన ఇళ్లలో తిరిగినవే. గింజలకు, పశువుల కొట్టాలకు చల్లిన గమాక్సిన్ పొడి, అంటే బీహెచ్‌సీ. గోడలకు కొట్టిన డీడీటీ. 'మందు తాగాడు' అంటే ఒకప్పుడు ఊరందరికీ ముందుగా గుర్తొచ్చిన ఎండ్రిన్. పత్తి మీద డబ్బాలకు డబ్బాలు కొట్టిన ఎండోసల్ఫాన్. వ్యవసాయంలో డీడీటీని 1989లో, ఎండ్రిన్‌ను 1990లో, బీహెచ్‌సీని 1997లో మన దేశంలో నిషేధించారు. ఎండోసల్ఫాన్‌ను 2011 మేలో సుప్రీంకోర్టు ఆపింది. పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో ఉండే పీసీబీలు, ప్లాస్టిక్ కాల్చినప్పుడు పుట్టే డయాక్సిన్లు కూడా ఈ కుటుంబానివే. 2001లో స్టాక్‌హోమ్ ఒప్పందం ఇలాంటి 12 రసాయనాల జాబితాతో మొదలైంది, తర్వాత మరికొన్ని చేరాయి. మన దేశం 2006 జనవరిలో దానిని ఆమోదించింది.

నిషేధించి ఇన్నేళ్లయింది కదా, ఇంకా ఎందుకు భయం అని అడుగుతారు. మట్టిలో డీడీటీ సగానికి తగ్గడానికి 2 నుంచి 15 ఏళ్లు పడుతుంది. గాలి ఆడని చెరువు బురదలో ఇంకా నెమ్మదిగా తగ్గవచ్చు. తగ్గినా మాయమైపోదు, డీడీఈ, డీడీడీ అనే రూపాల్లోకి మారుతుంది, అవీ మొండివే. లీటరు నీటిలో డీడీటీ కొన్ని మైక్రోగ్రాములకు మించి కరగదు. కొవ్వులోకైతే నీటికన్నా లక్షల రెట్లు చేరుతుంది. అందుకని అది సన్నటి ఒండ్రుకూ కుళ్లిన ఆకుకూ అంటుకుని అడుగుకు దిగుతుంది. ఆ బురదను తినే పురుగులోకి, పురుగును తినే చేపలోకి, ఆ చేపను మింగే కొర్రమీనులోకి, కొంగలోకి, చివరికి మనలోకి వస్తుంది. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ కొవ్వులో దాని మోతాదు పెరుగుతూ పోతుంది.

నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇది బాగా తెలుస్తుంది. ఉప్పునీరు తగలగానే సన్నటి ఒండ్రు రేణువులు ఒకదానికొకటి అంటుకుని, ముద్దలై, విషంతో సహా అడుగుకు చేరతాయి. అయితే మూసీ ఒండ్రు అంతా వాడపల్లి దాకా వెళ్లి, కృష్ణలో కలిసి, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ దాటి, సముద్రంలో కలిసే హంసలదీవి దాకా చేరదు. ప్రవాహం నెమ్మదించిన ప్రతిచోటా కొంత దిగిపోతుంది. నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల, అంటే కత్వల వెనక దిగుతుంది. సోలిపేట దగ్గర 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టులో దిగుతుంది. పిల్లాయిపల్లి కాలువ, బునాదిగాని కాలువ, ధర్మారెడ్డిపల్లి కాలువ నింపే చెరువుల్లో దిగుతుంది.

ముందు కాలువ వెంట నడవండి

పరీక్షకు డబ్బు పెట్టే ముందు ఒక పూట కేటాయించి, మీ చెరువులోకి నీళ్లు వచ్చే దారి వెంట నడవండి. మూసీ కాలువా, వాన నీళ్ల వాగా, రెండూనా? దారిలో చెత్త కాల్చే చోటు, పాత ఇనుము కొనే కొట్టం, రాగి కోసం వైర్లు కాల్చే జాగా, మూతపడిన ఫ్యాక్టరీ, ఒకప్పటి పురుగుమందుల గోదాము ఏమైనా ఉన్నాయా? పెద్దవాళ్లను అడగండి. పత్తికి మందు కొట్టిన పంపులు ఏ గట్టు మీద కడిగేవారో వాళ్లకే గుర్తుంటుంది. ఇదంతా ఒక కాగితం మీద చెరువు బొమ్మ గీసి గుర్తు పెట్టుకోండి. ఏ రసాయనాల కోసం వెతకమని ల్యాబును అడగాలో ఈ కాగితమే చెబుతుంది.

ఔషధ కంపెనీల నుంచి వచ్చేవన్నీ ఈ జాబితాలోవి కావు. సాల్వెంట్లు (కరిగించడానికి వాడే ద్రవాలు), లవణాలు, ఔషధాల అవశేషాలు వేరే లెక్క. అలాంటి కంపెనీలు ఉన్న చౌటుప్పల్ వైపు చెరువులవారు ఈ ఒక్క పరీక్షలో ఏమీ రాలేదని నిశ్చింతగా ఉండకూడదు. సీసం, కాడ్మియం, క్రోమియం వంటి లోహాల పరీక్ష కూడా అదే బురద మీద అడగండి.

ల్యాబును ముందే ఎంచుకోండి

మండల కేంద్రంలో నీటి పరీక్ష చేసే చోట ఇది కుదరదు. కలిసి ఉన్న రసాయనాలను విడదీసి కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం ఉన్న ల్యాబు కావాలి. హైదరాబాద్‌లో ఎన్ఏబీఎల్ (ల్యాబుల నాణ్యత చూసే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్నవి ఉన్నాయి. ఫోను చేసి మూడు ప్రశ్నలు వేయండి. మట్టిలో లేదా బురదలో ఆర్గానోక్లోరిన్ పురుగుమందులు (డీడీటీ, బీహెచ్‌సీ వంటివి), పీసీబీలు చూడటానికి మీకు గుర్తింపు ఉందా? కిలో బురదలో ఒక మైక్రోగ్రాము ఉన్నా కనిపెట్టగలరా? సేంద్రియ కర్బనం శాతం కూడా కొలిచి ఇస్తారా? మూడింటికీ అవునంటేనే ముందుకు వెళ్లండి. రెండో ప్రశ్న ముఖ్యమైనది. కిలోకు 100 మైక్రోగ్రాములు దాటితే తప్ప చూడలేని యంత్రం 'ఏమీ కనబడలేదు' అని రాసి ఇస్తే, ఆ కాగితం వల్ల ఊరికి మేలు కంటే కీడే ఎక్కువ.

సీసాలు కూడా వాళ్లనే అడగండి. మొదటిసారి మేము బురదను పాలిథిన్ కవరులో కట్టి తీసుకెళ్లాం. ల్యాబువాళ్లు కవరు విప్పకుండానే తిప్పి పంపారు. ప్లాస్టిక్ ఈ రసాయనాలను తనలోకి పీల్చుకుంటుంది, తనలోని రసాయనాలను బురదకు అంటిస్తుంది కూడా. వెడల్పు మూతి గాజు సీసా కావాలి. ల్యాబు ఇవ్వకపోతే కొత్త గాజు పచ్చడి సీసాలను సబ్బుతో, వేడినీళ్లతో కడిగి ఆరబెట్టి, మూత లోపల అల్యూమినియం రేకు పరచండి. బురద తీయడానికి స్టీలు గరిటె, కలపడానికి స్టీలు బేసిన్. ప్లాస్టిక్ మగ్గు, యూరియా బస్తా దగ్గరికి రానివ్వకండి.

బురద తీయడం

ఇసుక ఉన్న చోట తీస్తే ఏమీ దొరకదు. ఈ విషాలు సన్నటి మట్టినే పట్టుకుంటాయి. వేళ్ల మధ్య రుద్దితే గరుకు తగలకుండా వెన్నలా జారాలి, అదీ మీకు కావలసిన బురద. అది సాధారణంగా తూము దగ్గర లోతులోనూ, కాలువ నీళ్లు చెరువులో పడ్డాక నెమ్మదించే చోటా ఉంటుంది. కాలువ పడే చోట ఒకటి, నడుమ రెండు, తూము దగ్గర ఒకటి, అలుగు వైపు ఒకటి, మొత్తం ఐదు చోట్ల తీయండి.

ఒక్కరే దిగకండి. నీళ్లు తగ్గిన చెరువులో నడుము దాకా కూరుకుపోయే చోట్లు ఉంటాయి, అవి చేపలు పట్టేవాళ్లకే తెలుసు, వాళ్లను వెంట తీసుకెళ్లండి. రబ్బరు చేతి తొడుగులు, మోకాళ్ల దాకా బూట్లు వేసుకోండి. డీజిల్ ముట్టిన చేతులతో, దోమల మందు రాసుకున్న చేతులతో గరిటె పట్టుకోవద్దు.

ఎంత లోతు నుంచి తీయాలి అన్నది మీరు ఎందుకు తీస్తున్నారో దాన్ని బట్టి ఉంటుంది. చేపల కోసమైతే పై 5 సెంటీమీటర్లు చాలు. పురుగులు బతికేది, చేపలు మూతి పెట్టి వెతికేది ఆ పొరలోనే. పూడిక తోలుకోవడానికైతే జేసీబీ ఎంత లోతు తవ్వుతుందో అంత లోతు దాకా చూడాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. పై పొరలో నిన్నమొన్నటి ఒండ్రు ఉంటుంది. గమాక్సిన్, ఎండ్రిన్ వాడిన రోజుల ఒండ్రు దాని కింద ఉంటుంది. బకెట్టు పైకి లేపేది ఆ పాత పొరనే.

లోతు బురదకు రెండంగుళాల ఇనుప పైపు ముక్క, నాలుగడుగులది చాలు. నిలువుగా బురదలోకి దించి, పై మూతిని అరచేత్తో గట్టిగా మూసి మెల్లగా లాగండి. గాలి చొరబడకపోతే బురద పైపులోనే నిలుస్తుంది. గట్టు మీద పరిచిన అల్యూమినియం రేకు మీదికి కర్రతో అడుగు నుంచి నెట్టండి. మేము మొదటిసారి తీసిన ముద్ద కళ్ల ముందే ఉంది. పైన వేలి మందాన గోధుమ రంగు, దాని కింద ఒక్కసారిగా నల్లటి పొర, కుళ్లిన గుడ్డు వాసన, నల్ల పొర మీద ఎండ పడితే నూనెలాంటి రంగుల మెరుపు. నాలుగడుగుల లోతు నీళ్లు అవతలి ఒడ్డు దాకా నిర్మలంగా కనిపిస్తున్నాయి. నలుపునూ వాసననూ చూసి విషమని తీర్మానించకండి. గాలి ఆడని ఏ బురదైనా నల్లగానే ఉంటుంది, శుభ్రమైన చెరువులో కూడా. ఆ సంగతి ల్యాబే తేల్చాలి.

ఐదు చోట్ల పై పొరలను ఒక బేసిన్‌లో, కింది పొరలను మరో బేసిన్‌లో వేసి కలపండి. పైపు గోడకు తగిలిన బురదను గీకి పారేయండి, లోహాల పరీక్ష కూడా ఉంటే ఇది మరీ ముఖ్యం. ఆకులు, గుల్లలు, రాళ్లు ఏరేసి, ఒక్కో సీసాలో అర కిలో దాకా నింపండి. ఎండబెట్టవద్దు. సీసాను రేకుతో చుట్టి, ఐసు పెట్టెలో పెట్టి, మర్నాటికల్లా ల్యాబులో ఇవ్వండి.

వీటితో పాటు, మూసీ నీళ్లు ఎన్నడూ పారని, వాన నీళ్లతో మాత్రమే నిండే పక్క ఊరి చెరువు నుంచి కూడా ఒక సీసా తీసుకోండి. పోలికకు ఆ ఒక్క సీసా ఎంతో పనికొస్తుంది.

ప్రతి సీసా మీద తేదీ, వేళ, చోటు, లోతు రాయండి. ఫోనులో ఆ చోటు గుర్తు కనబడేలా ఫొటో తీయండి. సంఘం అధ్యక్షుడితో, మరో ఇద్దరితో సంతకాలు పెట్టించండి. అయితే మీరు తీసిన సీసా మీ తెలివిడి కోసమే. 1974 నాటి జల కాలుష్య చట్టం కింద కేసు నడవాలంటే కాలుష్య నియంత్రణ మండలి అధికారి, చట్టంలోని పద్ధతి ప్రకారం తీసిన నమూనానే చెల్లుతుంది. మీ రిపోర్టు జతచేసి, మా సమక్షంలో వచ్చి నమూనా తీయండని మండలికి అర్జీ పెట్టండి.

చేపలు కూడా పంపండి

డబ్బు సరిపోతే బురదతో పాటు చేపలనూ పంపండి. అడుగున మేసే బంగారు తీగ లేదా మెరిగ ఒక రకం, ఇతర చేపలను తినే కొర్రమీను లేదా వాలుగ ఒక రకం. ఒక్కో రకంలో దాదాపు ఒకే సైజువి మూడు నుంచి ఐదు. పొట్ట కోయకుండా రేకులో చుట్టి గడ్డకట్టించి ఇవ్వండి. పొడవు, బరువు రాసి పెట్టండి. కొవ్వు శాతం కూడా చెప్పమనండి, అది లేకుండా చేపల అంకెలను ఒకదానితో ఒకటి పోల్చలేం.

రిపోర్టు చదవడం

బురద అంకెలు పొడి బరువు లెక్కన, కిలోకు మైక్రోగ్రాముల్లో ఉండాలి. గ్రాముకు నానోగ్రాములు అని రాసినా అంకె అదే. పోల్చుకోవడానికి అమెరికా, కెనడా శాస్త్రవేత్తలు 2000లో ప్రచురించిన కొలమానం పనికొస్తుంది. డీడీటీ, దాని రూపాలు అన్నీ కలిపి 5.3 లోపు ఉంటే అడుగున బతికే జీవాలకు హాని ఉండకపోవచ్చు. 572 దాటితే హాని ఉండే అవకాశం ఎక్కువ. పీసీబీలకు ఆ రెండు గీతలు సుమారు 60, 676. ఈ గీతలు బురదలోని పురుగుల కోసం గీసినవి. చేప తినే మనిషికి ఎంత వరకు సురక్షితమో అవి చెప్పవు, దానికి చేప రిపోర్టే చూడాలి.

డీడీటీ ఒక్కటే ఎక్కువగా ఉండి, డీడీఈ, డీడీడీ తక్కువగా ఉంటే అది ఇటీవల వచ్చి పడిందని అనుమానించాలి. ఆ రెండూ ఎక్కువగా ఉంటే పాతది. పాతదైతే నిలవ ఉన్నది పోయేదాకా ఓర్చుకోవాలి. కొత్తదైతే కాలువ వెంట మళ్లీ నడిచి, ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవాలి.

పూడికమట్టి సంగతి

2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక చెరువు మట్టి పొలాలకు తోలడం మళ్లీ ఊపందుకుంది. మంచి మట్టి పొలానికి బలం, ఎవరూ కాదనరు. అంకెలు తక్కువగా ఉంటే నిశ్చింతగా తోలుకోండి. ఎక్కువగా ఉంటే ఆ మట్టిని కదిలించకుండా నీటి కింద ఉంచడమే మేలు. తప్పనిసరిగా తీయాల్సి వస్తే, వాన నీళ్లతో మళ్లీ చెరువులోకి కొట్టుకురాని చోట పోయించాలి.

మధ్యరకంగా వస్తే పంటను బట్టి ఆలోచించండి. గుమ్మడి, దోస జాతి తీగలు మట్టిలోంచి డీడీటీ వంటివాటిని వేళ్లతో లాగి కాయల్లోకి చేర్చుకోగలవు. ఇతర పంటలతో పోలిస్తే ఈ గుణం వాటికి ఎక్కువ. క్యారెట్, ముల్లంగి వంటి దుంపల తొక్కలో పేరుకుంటుంది. పశువులకు గడ్డి వేసే మడిలో ఆ మట్టి అసలు వద్దు. గేదె గడ్డితో పాటు మట్టిని కూడా తింటుంది. ఆ విషం పాలలోని కొవ్వులోకి, అక్కడి నుంచి వెన్నలోకి, నెయ్యిలోకి పోతుంది. మూసీ వెంట పారా గడ్డి పెంచి పాడి నడిపే ఇళ్లవారు ఈ ముక్క మరచిపోవద్దు. పెరట్లో తిరిగే నాటు కోళ్లకూ ఇదే వర్తిస్తుంది. అవి రోజంతా మట్టిని పొడుచుకు తింటాయి, గుడ్డులోని కొవ్వంతా పచ్చసొనలోనే ఉంటుంది. చెరువు మట్టి పోసిన పెరట్లో, చెత్త కాల్చిన బూడిద మీద కోళ్లను వదలకండి.

చెరువులో ఏ పిల్లలు వేయాలి

2016-17 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేప పిల్లలను ఇస్తోంది. బురద మీద అనుమానం ఉన్న చెరువుకు బంగారు తీగ, మెరిగ తగ్గించి, పై నీటిలో మేసే బొచ్చె, గడ్డి మేసే గడ్డి చేప పెంచుకుంటామని సంఘం తరఫున మత్స్యశాఖను అడగండి. బంగారు తీగ అడుగును మూతితో తవ్వి, మానుతున్న పుండును కెలికినట్టు, బురదను మళ్లీ నీటిలోకి లేపుతుంది.

వంటింట్లో

రిపోర్టు వచ్చేలోపు ఏం తినాలి? మూసీ చేప అయితే చిన్నదాన్ని తీసుకోండి. ఏళ్ల తరబడి పెరిగిన పెద్ద వాలుగలో పేరుకున్నది ఎక్కువ. శుభ్రం చేసేటప్పుడు చర్మం ఒలిచేయండి. పొట్ట కింది కొవ్వు, పక్క గీత వెంట ఉండే ముదురు రంగు కండ, కాలేయం, పేగులు తీసి పారేయండి. తలకాయ, జన వదులుకోవడం కష్టమని తెలుసు. పులుసులో తలకాయ కోసం ఇంట్లో పోటీ పడతారు. అయినా మూసీ చేప విషయంలో ఆ రెండూ వద్దనే చెబుతాను. పులుసు పెడితే కరిగిన కొవ్వు గిన్నెలోనే ఉంటుంది, అన్నంలో కలుస్తుంది. నిప్పుల మీద కాల్చితే కారిపోతుంది. ఇలా చేస్తే కొవ్వుతో పాటు అందులోని విషం కొంత పోతుంది, అంతా పోదు. కండలో ఉండే పాదరసం ఈ పద్ధతికి లొంగదు.

గర్భిణులు, పసిపిల్లలు అనుమానం లేని నీటి చేపలే తినడం మంచిది. ఈ రసాయనాలు తల్లిపాలలోనూ చేరతాయి. ఆ మాట విని పాలు మాన్పించవద్దు. తల్లిపాల వల్ల బిడ్డకు కలిగే మేలు దీనికన్నా ఎంతో పెద్దదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తల్లిపాలే పట్టమంటోంది.

కొత్తగా కలపకుండా

అటక మీద పాత పొడి డబ్బా దొరికితే చెరువులోనో, పాడుబడిన బావిలోనో వేయకండి, కాల్చకండి. మూత బిగించి, పిల్లలకు అందని చోట పెట్టి, వ్యవసాయ విస్తరణ అధికారికి రాతపూర్వకంగా తెలియజేయండి. రాగి కోసం కట్ట మీద వైర్లు కాల్చేవాళ్లను ఆపండి. ఆ పొగలోని డయాక్సిన్లు బూడిదతో కలిసి తొలి వానకే చెరువులో పడతాయి. పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెను చెదలకని తలుపులకూ మంచాలకూ పూయకండి.

రిపోర్టు నకలు ఒకటి పంచాయతీలో, ఒకటి సంఘం దగ్గర ఉంచండి. ఐదు చోట్లను గుర్తించిన ఆ చెరువు బొమ్మను సంఘం రిజిస్టరులోనే అంటించండి. రెండేళ్ల తర్వాత మళ్లీ ఏప్రిల్‌లో, అవే చోట్ల, అదే లోతున, వీలైతే అదే ల్యాబుకు పంపాలి. అప్పటికి సంఘం అధ్యక్షుడు మారినా, కొత్తవాళ్లు ఆ బొమ్మ చూసి తూము దగ్గర సరిగ్గా ఏ రాయికి ఎదురుగా దిగాలో తెలుసుకునేలా అడుగుల లెక్క కూడా రాసి పెట్టండి.